పాత ఆటోమేటిక్ ఏటీవీ: బెల్టు బండా, హోండామాటిక్కా?

నల్లరేగడి:
డల్లాస్‌కి దక్షిణాన ఎల్లిస్ కౌంటీ వైపు 10 ఎకరాల నేల. వాన పడితే మన నల్లరేగడి ఎలా ఉంటుందో అచ్చం అలాగే, టైరుకి ముద్దలా అంటుకుంటుంది. పని: 600 పౌండ్ల ట్రైలర్ లాగడం, కంచె వెంట మెల్లగా తిరగడం, కట్టెలు మోయడం. ధరకి అందే ఏటీవీలు (మట్టిలో తిరిగే నాలుగు చక్రాల చిన్న బండ్లు) రెండు: 2003 హోండా ఫోర్‌మన్ రూబికాన్ 500, 2004 యమహా గ్రిజ్లీ 660. రెండిట్లోనూ కాలితో గేరు మార్చే పని లేదు. గ్రిజ్లీది బెల్టు, రూబికాన్‌ది నూనె ఒత్తిడితో నడిచే హోండామాటిక్. 20 ఏళ్ళు దాటిన బండిలో ఏ ట్రాన్స్‌మిషన్‌ని నమ్మాలి? "ఇది బాగుంటుంది" అని వదిలెయ్యకుండా, ఏది ఎందుకు పాడవుతుందో చెప్పండి.

పుల్లీ_పద్దు:
గ్రిజ్లీ. బెల్టు పోతే బెల్టు మారుస్తాం, హోండామాటిక్ పోతే బండినే మార్చాలి.

ఇండియాలో యాక్టివా నడిపినవాళ్ళకి ఈ యంత్రం కొత్త కాదు. ముందొక పుల్లీ, వెనకొక పుల్లీ, మధ్యలో వి ఆకారపు బెల్టు. వేగం పెరిగేకొద్దీ ముందు పుల్లీలోని బరువులు బయటికి జరిగి రెండు పళ్ళేల్నీ దగ్గరికి నెడతాయి. అక్కడ బెల్టు పైకెక్కుతుంది, వెనక పుల్లీ విచ్చుకుని బెల్టుని లోపలికి దిగనిస్తుంది. యాక్టివాలో క్లచ్చు వెనక పుల్లీ దగ్గర పొడిగా ఉంటుంది. గ్రిజ్లీలో మాత్రం ఇంజనుకీ ముందు పుల్లీకీ మధ్య నూనెలో మునిగి ఉంటుంది. అందువల్ల బెల్టు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది. బండి కదిలేటప్పుడు జారేది క్లచ్చు షూలు, బెల్టు కాదు.

అదే కాలపు పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 500లో విడి క్లచ్చు లేదు. ముందు పుల్లీయే బెల్టుని వదిలి, పట్టుకుని ఆ పని కూడా చేస్తుంది. కాబట్టి కదిలిన ప్రతిసారీ బెల్టు కాస్త రాసుకుంటుంది. బెల్టు బండ్లు కాలిపోతాయన్న పేరు చాలావరకు ఈ రెండో రకాన్ని హై గేరులో పాకించడం వల్ల వచ్చింది. ఆ పేరు యమహాకి అంటగట్టడం సరికాదు.

గ్రీజుచేతులు:
పద్దు గారూ, మార్చుకోగలగడం నిజమే. కానీ ఆయన నేల చూడండి. నల్లమట్టి నీళ్ళు బెల్టు పెట్టెలోకి వెళ్ళాయంటే లాగుడు అక్కడితో సరి. ఇంజను అరుస్తుంది, చక్రం కదలదు. హోండామాటిక్‌కి ఆ పెట్టే లేదు, అంతా ఇంజను కేసులో మూసి ఉంటుంది.

అది తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ప్రొక్లెయిన్‌లో హైడ్రాలిక్ పంపు ఉంటుంది కదా, వాలుగా ఉన్న పళ్ళెం మీద చిన్న పిస్టన్లు గుండ్రంగా తిరుగుతూ నూనెని నెట్టేది, అలాంటిదే. ఇంజను వైపు ఒక పంపు, చక్రాల వైపు ఆ నూనెతో తిరిగే ఒక మోటారు, రెండూ ఒకే సిలిండరు దిమ్మలో. పంపు పళ్ళెం వాలు మారదు. మోటారు పళ్ళెం వాలుని ఒక చిన్న ఎలక్ట్రిక్ మోటారు మారుస్తుంది. వాలు ఎక్కువగా ఉంటే తక్కువ గేరు. వాలు తగ్గి పళ్ళెం నిటారుగా నిలిస్తే మోటారు పిస్టన్లు కదలవు, నూనెకి పోయే దారి ఉండదు, దిమ్మంతా ఒక్క ముద్దగా తిరుగుతుంది. అంటే పై గేరులో శక్తి దాదాపు అంతా నేరుగా ఇనుము మీదుగానే వెళుతుంది.

ఇంకోటి, దిగుడులో పట్టు. ఈఎస్‌పీ మోడులో హ్యాండిల్ దగ్గర బటన్లు నొక్కి 5 మెట్లలో కావలసినది పెట్టుకోవచ్చు. ట్రైలర్ వెనక నుంచి తోస్తున్నప్పుడు రెండో మెట్టులో ఉంచితే బ్రేకు ముట్టుకోకుండా దిగొచ్చు.

పుల్లీ_పద్దు:
మీరు చెప్పినదాంట్లోనే నా వాదన ఉంది. పై గేరులో ఇనుము మీదుగా వెళుతుంది, సరే. ఈయన పని పై గేరులో ఎక్కడ? కంచె వెంట పాకడం, ట్రైలర్ లాగడం, అంటే పళ్ళెం బాగా వాలి ఉన్నప్పుడే. అప్పుడే శక్తిలో పెద్ద వాటా నూనె మీదుగా వెళుతుంది, అప్పుడే పిస్టన్ల పక్క నుంచి నూనె కారి వేడిగా మారుతుంది. ఆ వేడి వెళ్ళేది ఎక్కడికి? అదే ఇంజను ఆయిల్లోకి. రేడియేటరు రెక్కల మధ్య నల్లమట్టి ఎండి ఇటుకలా బిగుసుకుపోయి ఉంటే ఇంజనూ ట్రాన్స్‌మిషనూ కలిసే ఉడుకుతాయి.

హోండా కూడా 2001 నుంచి 2014 మోడళ్ళ దాకా దీన్ని నడిపి, 2015 రూబికాన్‌లో రెండు క్లచ్చుల గేరుబాక్సుకి మారిపోయింది.

గ్రీజుచేతులు:
నెమ్మదిగా వెళ్ళేటప్పుడు వేడి ఎక్కువన్నది ఒప్పుకుంటాను, దాచేదేం లేదు. అందుకే రూబికాన్‌లో కూడా లో రేంజి (బరువుకీ మెల్లటి నడకకీ వాడే తక్కువ గేరు) పెట్టారు. బరువు లాగేటప్పుడు లోలో పెడితే పళ్ళెం అంతగా వాలాల్సిన పని ఉండదు. రేడియేటరుని ఇంజను వైపు నుంచి బయటికి, తోట పైపు మామూలు ఒత్తిడితో కడగాలి. ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు వంగిపోతాయి.

కానీ 14 ఏళ్ళు ఒక ట్రాన్స్‌మిషన్‌ని పనిముట్టు బండిలో అమ్మిన కంపెనీ దాన్ని నాసిరకమనుకుని అమ్మలేదు. 2008లో డీఎన్-01 మోటారుసైకిల్లో ఇదే సూత్రం వాడింది. మారింది ఖర్చు వల్ల కూడా కావచ్చు.

నిజంగా పాడయ్యేది చెప్తాను. లోపలి పంపు పోవడం తక్కువ. ఎక్కువగా పోయేది బయటి ఎలక్ట్రికల్ భాగాలు: పళ్ళెం వాలుని కొలిచే యాంగిల్ సెన్సరు, దాన్ని తిప్పే కంట్రోల్ మోటారు, వాటి కనెక్టర్లు. సెన్సరు తప్పు చెప్తే డిస్‌ప్లే మీద డి గుర్తు మెరుస్తుంది, బండి ఒకే మెట్టులో ఇరుక్కుపోతుంది. చూసినవాళ్ళు "ట్రాన్స్‌మిషన్ పోయింది" అని సగం ధరకి అమ్మేస్తారు. మెరుపులు లెక్కపెట్టి ఆ సంవత్సరపు సర్వీసు మాన్యువల్లో కోడు చూడాలి. అంతకంటే ముందు బ్యాటరీ చూడాలి. ఆపి ఉంచిన బండిలో 12.6 వోల్టులు, నడుస్తుంటే 14 దరిదాపుల్లో ఉండాలి. వోల్టేజీ పడిపోతే మంచి సెన్సరు కూడా పిచ్చి లెక్కలు చెప్తుంది.

ఉత్తరగాలి:
మిన్నెసోటా నుంచి. లో రేంజి మాట ఎత్తి వదిలేశారు, తగువులో సగం అక్కడే తేలుతుంది.

చాలామంది లో అంటే బురదలో ఇరుక్కున్నప్పుడు వాడేది అనుకుంటారు. లో రేంజి పళ్ళు బెల్టు తర్వాత వస్తాయి. ఒకే బరువుని అదే వేగంతో లాగినా, లోలో బెల్టు మీద పడే లాగుడు తక్కువ, బెల్టు తిరిగే వేగం ఎక్కువ. వేగంగా తిరిగితే పుల్లీ రెక్కలు గాలి కూడా ఎక్కువ ఆడిస్తాయి. హైలో పాకిస్తే రెండూ తిరగబడతాయి: లాగుడు ఎక్కువ, గాలి తక్కువ. పొలారిస్ మాన్యువల్లో గంటకు 7 మైళ్ళ లోపు వేగానికీ బరువు లాగడానికీ లో పెట్టమంది. యమహాకి క్లచ్చు వేరుగా ఉన్నా ఈ అలవాటే మంచిది, ఎందుకంటే అక్కడ కాలేది బెల్టు కాకపోతే క్లచ్చు షూలు.

చలి సంగతి కూడా: సున్నా కింద ఉదయాల్లో హోండామాటిక్ నూనె చిక్కబడి బండి బిగదీసినట్టు ఉంటుంది. 5 నిమిషాలు వేడెక్కనివ్వాలి. డల్లాస్‌లో అది లెక్కలోకి రాదు.

బురదబాట:
ట్రాన్స్‌మిషన్ ఒక్కటే చూస్తే పొరపాటు పడతారు. గ్రిజ్లీకి వెనక చక్రాలు దేనికది విడిగా ఆడతాయి, ముందు డిఫరెన్షియల్‌కి లాక్ ఉంది, అది వేస్తే ముందు చక్రాలు రెండూ కలిసే తిరుగుతాయి. రూబికాన్‌కి వెనక గట్టి యాక్సిల్, ముందు లాక్ లేదు. లాగే హద్దు గ్రిజ్లీకి 1,212 పౌండ్లు, రూబికాన్‌కి సుమారు 850. మీ 600 పౌండ్లు ట్రైలర్‌తో కలిపా, లోడు ఒక్కటేనా? లోడు ఒక్కటే అయితే ట్రైలర్ బరువు కలిపాక రూబికాన్ అంచుకి వచ్చేస్తుంది. తడి నల్లమట్టిలో రెట్టింపు బరువు లాగినట్టే ఉంటుంది.

నల్లరేగడి:
ట్రైలర్‌తో కలిపే 600. లాక్ సంగతి నాకు తట్టలేదు, మంచి మాట చెప్పారు. అమ్మేవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు అరగంట దొరుకుతుంది. ఆ అరగంటలో బెల్టు బండిలో ఏం చూడాలి, హోండాలో ఏం చూడాలి?

పుల్లీ_పద్దు:
బెల్టు పెట్టె మూత విప్పనిస్తే అంతా తెలుస్తుంది. ఆగి ఉన్నప్పుడు వెనక పుల్లీలో బెల్టు వీపు పుల్లీ అంచుకి సమంగానో కొద్దిగా పైకో ఉండాలి. లోపలికి దిగి ఉంటే అరిగినట్టే. ఇలాంటి పుల్లీల కోణం మామూలుగా 26–28 డిగ్రీలు. ఆ లెక్కన బెల్టు వెడల్పు 2 మిల్లీమీటర్లు తగ్గితే దాదాపు 4 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. కంటికే కనిపిస్తుంది. వెర్నియర్‌తో కొలిచి మాన్యువల్ హద్దుతో పోల్చండి. అరిగిన బెల్టు ముందు పుల్లీలో పైదాకా ఎక్కలేదు, అందుకే పై వేగం తగ్గిపోయిన బండి కనిపిస్తే చాలామంది అనవసరంగా కార్బురేటరు విప్పుతారు.

బెల్టు పక్కలు మబ్బుగా, బట్టలాగా ఉండాలి. అద్దంలా మెరిస్తే జారి కాలింది. ఒకేచోట నడుం సన్నబడ్డట్టు నొక్కు ఉంటే, చక్రాలు ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటరు నొక్కి పట్టారని అర్థం. అలాంటి బెల్టుతో మెల్లగా వెళ్తే టక్కు టక్కుమని కొడుతుంది. పళ్ళ మొదట్లో పగుళ్ళు, అంచున పోగులు లేస్తే ఆ రోజే మార్చాలి.

బెల్టు మీద జిడ్డు ఉంటే మాత్రం ఇంకొంచెం లోతుగా చూడండి. యమహా ముందు పుల్లీలో బరువులు గ్రీజులో నడుస్తాయి. సీలు పోతే ఆ గ్రీజు పళ్ళేల మీదికి చిమ్ముతుంది. కొత్త బెల్టు వేసినా వారంలో మళ్ళీ జారుతుంది. పళ్ళేల్ని బ్రేక్ క్లీనర్‌తో, మెత్తటి స్క్రబ్బర్‌తో తుడవాలి, గరుకు ఎమరీ వద్దు. బెల్టు మీద బాణం గుర్తు తిరిగే దిక్కుకే ఉండాలి. కొత్త బెల్టుతో మొదటి 50 మైళ్ళు బరువు లాగకండి.

చివరగా దిగుడులో వదిలి చూడండి. ఇంజను పట్టి ఆపకుండా సైకిల్లా జారిపోతే క్లచ్చులోని వన్‌వే బేరింగు (ఒక దిక్కుకే తిరగనిచ్చేది) పోయినట్టు, లేదా ఎవరో విప్పి తిరగేసి బిగించినట్టు. ఆ రెండో తప్పు చాలామంది చేస్తారు. తిరగేసి బిగిస్తే లాగుడు మామూలుగానే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు.

గ్రీజుచేతులు:
హోండాకి అరగంటలో 20 నిమిషాలు వేడెక్కించడానికే పోతాయి. అయినా ఆ ఇరవై నిమిషాలు తగ్గించకండి. నూనె చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు అరిగిన పంపు కూడా బాగానే లాగుతుంది. వేడెక్కి పల్చబడ్డాకే కారుడు బయటపడుతుంది. వేడి బండిని చిన్న ఎత్తు మీద ఈఎస్‌పీలో ఒక్కో మెట్టు పెంచండి. ప్రతి మెట్టుకీ ఇంజను చప్పుడు దిగాలి, బండి ముందుకి రావాలి. చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకుని వచ్చేయండి. ఆ దిమ్మని విప్పి బాగుచెయ్యరు, మొత్తంగా మార్చాలి, దాని ఖరీదుకి ఇంకో పాత బండి వస్తుంది. పద్దు గారి మొదటి మాట ఇక్కడ ఒప్పుకోక తప్పదు.

రూబికాన్‌కి ఆయిల్ ఫిల్టర్లు రెండు: ఒకటి ఇంజనుది, ఇంకోటి ట్రాన్స్‌మిషన్‌ది. రెండోది ఉందని తెలియక ఏళ్ళతరబడి మార్చని బండ్లు చాలా ఉన్నాయి. దాన్ని మూత తీసి చూపించమనండి, కొత్తది మీరే తీసుకెళ్ళండి. పాతదాని మడతలు విప్పి ఎండలో పట్టుకోండి. నల్లటి మడ్డి ఫరవాలేదు. వెండి పొడిలా తళుక్కుమంటే, అయస్కాంతానికి అంటుకునే రేకులు దొరికితే, లోపల అరుగుదల మొదలైంది. ఆయిల్ ఏం పోశారో అడగండి. మాలిబ్డినం, గ్రాఫైట్ కలిపినవి వద్దని హోండా మాన్యువల్లోనే ఉంది.

ఉత్తరగాలి:
గ్రిజ్లీ తీసుకుంటే ఇది కూడా రాసుకోండి. బెల్టు పెట్టె అడుగున నీళ్ళు వదిలే ప్లగ్గు ఉంటుంది. వాగు దాటాక జారితే ప్లగ్గు తీసి నీళ్ళు కారనిచ్చి, న్యూట్రల్‌లో ఇంజనుని ఆగి ఆగి రేపండి. క్లచ్చు పట్టి బెల్టు తిరుగుతుంది, పుల్లీ రెక్కల గాలికి తడి ఆరుతుంది. గేరులో పెట్టి లాగించి ఆరబెడదామనుకుంటే ఆరేలోపే బెల్టు మెరుపెక్కుతుంది. ఇంటికొచ్చాక మూత తీసి లోపలి మట్టి కడగాలి. మీ నల్లమట్టి ఎండితే ముందు పుల్లీ జారే గొట్టం బిగుసుకుపోతుంది, బండి కదలగానే పై గేరులో ఉన్నట్టు మొండికేస్తుంది.

నల్లరేగడి:
ముందు గ్రిజ్లీ చూస్తాను, లాక్ కోసమూ మూత విప్పి చూడగలను కాబట్టీ. దాని పుల్లీలో జిడ్డు కనిపిస్తే రూబికాన్ దగ్గరికి కొత్త ఫిల్టరు పట్టుకుని వెళ్తాను.