వర్ధంతి అంటే పుట్టినరోజా? అవ్వ యాడాది కార్డు మీద ఏ మాట రాయాలె?

నారాయణపేట నుంచి:
అందరికీ నమస్కారం. ఈ కార్డు అచ్చుకు పోయే ముందు తప్పులుంటే చెప్పండి.

"దైవభక్తి పారాయణురాలు, మా మాతృమూర్తి కీర్తి శేషులు శ్రీమతి ……… గారు ప్రథమ వర్థంతి సందర్భముగా ఆశ్రు నివాళులు."

కార్డులు సగం ఇక్కడివాళ్లకు, సగం రాయచూరు, యాద్గిర్ దిక్కు చుట్టాలకు పోతయి. ఆ వైపు వర్ధంతి అంటే పుట్టినరోజు అంటున్నరు. ఎవరిది తప్పు? ఇంకోటి, ఇంగ్లీషు తేదీ ప్రకారం వచ్చే రోజు, పంతులు చెప్పిన రోజు కలుస్తలేవు. కార్డు మీద ఏది వేయాలె?

మక్తల్ నుంచి:
ఎవరిదీ తప్పు కాదన్నా. మాట ఒకటే, రెండు భాషల్లో రెండు దారులు పట్టింది. వృధ్ అనే సంస్కృత ధాతువుకు పెరుగుట అని అర్థం. వృద్ధి, అభివృద్ధి, వర్ధమాన, మన 'వర్ధిల్లు' అన్నీ దాని పిల్లలే. అందుకే కన్నడంలో వర్ధంతి శుభానికి వాడతారు. శృంగేరి పీఠంలో జగద్గురువుల జన్మదినాన్ని వర్ధంతి మహోత్సవం అనే అంటారు. ఉడుపి వైపు గుళ్లలో ప్రతిష్ఠ జరిగిన రోజు ఏటేటా చేసుకునే ఉత్సవం ప్రతిష్ఠా వర్ధంతి. మరాఠీలో ఒక సంస్థ పెట్టిన రోజును వర్ధాపన దినం అంటారు. మన పంతుళ్లు కూడా పుట్టినరోజు హోమాన్ని వర్ధాపనం అనే పిలుస్తారు కదా.

తెలుగులో మాత్రం జయంతి పుట్టిన రోజుకు, వర్ధంతి పోయిన రోజుకు స్థిరపడిపోయినయి. వ్యాకరణం పట్టుకుని చూస్తే వృధ్ ఆత్మనేపది, అంటే 'వర్ధతే' అని చివర -తే వచ్చే ధాతువు. దానికి స్త్రీలింగ రూపం 'వర్ధమానా' కావాలె. 'వర్ధంతి' అనేది 'జయంతి' అచ్చులో పోసిన రూపం. జయంతి కూడా మొదట అందరి పుట్టినరోజుకు వాడిన మాట కాదు. శ్రావణ బహుళ అష్టమికి రోహిణీ నక్షత్రం కలిస్తే ఆ యోగానికి జయంతి అని పేరు. కృష్ణుడి పుట్టుకతోటి అది పుట్టినరోజు మాట అయింది.

కాబట్టి తెలుగు కార్డులో వర్ధంతి నిక్షేపంగా రాయొచ్చు. రాయచూరుకు పోయే కార్డులో మాత్రం వద్దు. 'ప్రథమ వర్ధంతి' అని చదివి అక్కడివాళ్లు ఎవరో చంటిపిల్ల మొదటి పుట్టినరోజు అనుకుంటారు, కిందున్న పెద్దామె ఫొటో చూసి తికమకపడతారు. వాళ్లకు 'పుణ్యస్మరణె', 'పుణ్యతిథి' బాగా తెలిసిన మాటలు. మరాఠీ వాళ్లకూ పుణ్యతిథి అంటే తెలుస్తుంది. ఒకటే కార్డు వేయిస్తే 'పుణ్యతిథి' పెట్టండి, ముగ్గురికీ అందుతుంది.

మహబూబ్‌నగర్ నుంచి:
పై మాటకు నాదో జోడింపు. 'నివాళి' సంగతీ ఇట్లనే ఉన్నది. పాత తెలుగులో నివాళి అంటే హారతి, నీరాజనం. నివాళించుట అంటే హారతి పట్టి దిష్టి తీయుట. దేవుడికి, పెండ్లికూతురికి, యుద్ధం గెలిచొచ్చిన రాజుకు నివాళి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ మాట పోయినవాళ్లకే మిగిలింది. 'అశ్రునివాళి' అంటే కన్నీటితోటి పట్టిన హారతి అన్నమాట. ఇంత అందమైన సమాసాన్ని ఫ్లెక్సీల మీద 'ఆశ్రు నివాళి' అని దీర్ఘం పెట్టి, నడుమ ఖాళీ వదిలి పాడుచేస్తున్నరు. అశ్రువు అంటే కన్నీరు, మొదటి అక్షరం హ్రస్వం. మీ కార్డులోనూ అదే తప్పు పడ్డది, దిద్దుకోండి.

ఇంకా ఉన్నయి. 'పారాయణురాలు' తప్పు. పారాయణం అంటే గ్రంథం మొదటి నుంచి చివరిదాకా చదువుట. పరాయణ అంటే దాన్నే ఆశ్రయంగా పెట్టుకున్నది. 'భక్తిపరాయణురాలు' కావాలె. 'వర్థంతి'లో థ పడ్డది, లోపల చుక్క ఉంటది చూడండి. కావాల్సింది చుక్కలేని ధ. డీటీపీ వాళ్లు పాత ఫాంటులో ర కింద ఒత్తు వేసేటప్పుడు ఈ రెండూ తారుమారైతయి. ఒత్తు చిన్నగ ఉంటది కాబట్టి ఫోన్లో వచ్చిన ఫొటోలో కనబడదు. కాగితం మీద ప్రూఫు తెప్పించుకుని చూడాలె. 'శ్రద్ధాంజలి' రాస్తే కూడా ద కింద ధ ఒత్తు ఉన్నదా, ద ఒత్తే పడ్డదా చూసుకోండి.

'కీర్తిశేషులు' ఒకటే పదం. కీర్తి మాత్రమే శేషంగా మిగిలినవారు అని బహువ్రీహి. విడగొడితే కీర్తి ఒక పేరు, శేషులు ఇంకో పేరు అయి కూర్చుంటది. ఆడవాళ్లకు కీర్తిశేషురాలు అని రాయొచ్చు గానీ, పేరు చివర గారు ఉన్నది కాబట్టి గౌరవ బహువచనం కీర్తిశేషులే బాగుంటది. దాని పక్కన మళ్లీ శ్రీమతి అవసరం లేదు. 'గారు ప్రథమ వర్ధంతి' కాదు, 'గారి ప్రథమ వర్ధంతి'.

నారాయణపేట నుంచి:
చాలా సంతోషం సార్. మాతృమూర్తి తీసేసి 'మా అవ్వ' అని పెట్టొచ్చునా?

మహబూబ్‌నగర్ నుంచి:
పెట్టండి, తప్పక పెట్టండి. బతికినంత కాలం అవ్వా అని పిలిచి, పోయినాక మాతృమూర్తి అంటే ఆమె దూరమైపోయినట్టు ఉంటది. ఒకటే జాగ్రత్త. కోస్తా వైపు అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో. కింద 'కొడుకులు, కోడండ్లు, బిడ్డలు, అల్లుండ్లు, మనుమలు, మనుమరాండ్లు' అని వరుస రాస్తే ఎవరికి ఏమవుతదో తేలిపోతది.

భక్తిపరాయణురాలు వ్యాకరణానికి సరే గానీ, ప్రతి కార్డు మీదా అదే ఉంటది. ఆమె ఏం చేసేదో అది రాస్తే మాటకు బరువొస్తది. ఏకాదశికి ఒక్కపొద్దు ఉండేదా? మన్యంకొండ మెట్లెక్కేదా? కార్తీకంల కురుమూర్తి జాతరకు పోయి ఉద్దాలు (స్వామి పాదుకలు) మొక్కేదా? 'ఒక్కపొద్దు' మన దిక్కు ఉపవాసానికి ఉన్న మాట, ఒక్క పూటే తినుట. కార్డు మీద అది పడితే చదివిన ఆడబిడ్డలకు అవ్వ కండ్ల ముందు నిలబడతది. ఒక్కటి చాలు, మూడు నాలుగు రాసి కిక్కిరియొద్దు.

నల్లగొండ నుంచి:
తేదీ గురించి ఎవరూ చెప్పలేదు. వర్ధంతిని ఇంగ్లీషు తేదీకి చేస్తారు, సంవత్సరీకాన్ని తిథికి చేస్తారు. చాంద్ర సంవత్సరానికి 354 రోజులు, అందుకని తిథి ఏటా సుమారు పదకొండు రోజులు ముందుగా వస్తుంది. అధికమాసం వచ్చిన ఏడు పందొమ్మిది రోజుల దాకా వెనకబడుతుంది. రాఖీ పున్నమి చూడండి: 2024లో ఆగస్టు 19, 2025లో ఆగస్టు 9, 2026లో అధిక జ్యేష్ఠం పడ్డందుకు ఆగస్టు 28. పంతులు లెక్కకూ మీ లెక్కకూ తేడా ఇక్కడే వస్తున్నది.

రెండు చోట్ల పొరపాటు పడతారు. ఒకటి, ఆమె పోయిన రోజు క్యాలెండరులో ఏ తిథి ఉంటే అదే అనుకుంటారు. క్యాలెండరు పెద్దక్షరాల్లో చూపేది సూర్యోదయపు తిథి. కావాల్సింది ప్రాణం పోయిన గడియలో ఉన్న తిథి. పొద్దున చవితి ఉండి మధ్యాహ్నం రెండింటికి పంచమి వచ్చి, సాయంత్రం ఆరింటికి పోతే ఆమెది పంచమి. అందుకని గంట కూడా రాసిపెట్టుకోవాలె. రెండోది, పండుగ తేదీకే సంవత్సరీకం అనుకునుడు. పండుగలు ఎక్కువ భాగం ఉదయ తిథికి, సంవత్సరీకం అపరాహ్ణంలో, అంటే మధ్యాహ్నం దాటినాక, ఉన్న తిథికి. ఒక్కరోజు తేడా రావొచ్చు.

కార్డు మీద భోజనానికి పిలుస్తున్నరు కాబట్టి సంవత్సరీకం రోజే వేయండి. తిథి మొదలు, దాని కింద వారం, తేదీ. ఇంగ్లీషు తేదీకి ఫొటోకు దండ వేసుకోవచ్చు, దానికి కార్డు అక్కర లేదు. 'తద్దినం' అనేది తత్, దినం కలిసిన మంచి మాటే, 'ఆ రోజు' అని. నోళ్లల్ల పడి తిట్టయింది కాబట్టి కార్డు మీద వద్దు. ఆబ్దికం, సంవత్సరీకం రెండూ బాగుంటయి. ఇంట్లో మనం అనుకునే 'అవ్వ యాడాది' కూడా శుద్ధమైన తెలుగే. 'ఏడు' అంటే సంవత్సరం, అందులోంచి వచ్చిందే.

ఇక పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చుడు వేరే సంగతి. అది పెద్దలందరికీ కలిపి, భాద్రపద అమావాస్య నాడు. ఎంగిలిపూల బతుకమ్మ కూడా ఆ రోజే. దాన్ని వర్ధంతి అనరు.

నల్లగొండ నుంచి, ఇంకొకరు:
క్రైస్తవ ఇండ్లల్లో వాడే మాటలు కూడా ఇక్కడ ఉంటే మంచిది. 'ప్రభువునందు నిద్రించిరి' అని రాస్తారు. నిద్ర అనుడు తిరిగి లేస్తారనే నమ్మకంతోటి. అందుకే అక్కడ 'పరమపదించిరి' అతకదు, అది వైష్ణవుల పరమపదం నుంచి వచ్చింది. 'శివైక్యం' శైవులకు, 'లింగైక్యం' వీరశైవులకు. ఏ ఇంటి విశ్వాసం ఆ ఇంటి మాటలో ఉంటది, డీటీపీ వాళ్ల దగ్గర ఉన్న పాత ఫైలులోంచి తీసి అతికిస్తే ఇవే తారుమారైతయి. ఏడాదికి చేసేదాన్ని 'జ్ఞాపకార్థ కూడిక' అంటారు. తల్లుల కార్డు మీద సామెతల గ్రంథం 31వ అధ్యాయం నుంచి వచనం వేస్తారు. అధ్యాయం, వచనం అంకెలు బైబిలుతోటి సరిచూసుకోవాలె.

నారాయణపేట నుంచి:
అందరి మాటా కలిపి దిద్దినది:

"ఏకాదశి ఒక్కపొద్దులు తప్పని మా అవ్వ
కీర్తిశేషులు ……… గారి
ప్రథమ పుణ్యతిథి, సంవత్సరీకం
(తిథి, వారం, తేదీ)
అశ్రునివాళితో… కొడుకులు, కోడండ్లు, బిడ్డలు, అల్లుండ్లు, మనుమలు, మనుమరాండ్లు."

మక్తల్ నుంచి:
బాగుందన్నా. పుణ్యతిథి, సంవత్సరీకం రెండూ ఒక్క వరుసలో వద్దు, రెండు కార్యాలు అనుకుంటారు. పుణ్యతిథి పెద్దక్షరాల్లో పైన, సంవత్సరీకం తిథి పక్కన చిన్నగ. 'తప్పని' బదులు 'తప్పనియ్యని' పెట్టండి. ఒక్కపొద్దు తనంతట తానే తప్పకుండ ఉండలేదు గదా, అవ్వే తప్పనియ్యలే.