డిస్నీ వరల్డ్‌కి ఐదో పార్కు కావాలా, ఉన్న నాలుగింటినే పెంచాలా?

ఉప్పుటేరు:
2025 మే 22న ఎపిక్ యూనివర్స్ తెరిచినప్పటి నుంచి ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ ఉన్న ఒర్లాండో మాట వస్తే ఒకటే ప్రశ్న. యూనివర్సల్ కొత్త పార్కు కట్టింది, డిస్నీ ఎందుకు కట్టదు? డిస్నీ వరల్డ్‌లో ఆఖరి కొత్త పార్కు యానిమల్ కింగ్‌డమ్, 1998లో వచ్చింది. చేతిలో సుమారు 25 వేల ఎకరాలు ఉన్నాయి. 2024లో స్థానిక పర్యవేక్షణ జిల్లాతో చేసుకున్న ఒప్పందం ఐదో పెద్ద పార్కుకు వీలు కల్పించింది. అయినా ఆ ఆగస్టులో ప్రకటించిన పెద్ద పనులన్నీ పాత పార్కుల్లోనివే.
నా మటుకు ఐదోది కట్టాల్సిందే. పాత పార్కులో కొత్తది పెట్టాలంటే చాలాసార్లు ఉన్నదాన్ని ముందు పీకేయాలి. కార్స్ సినిమా విభాగం కోసం మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రివర్స్ ఆఫ్ అమెరికా అనే నది, టామ్ సాయర్ దీవి, లిబర్టీ బెల్ పడవ మూడూ 2025 జులై 6తో ఆఖరు. జనం నీడన కాసేపు తిరిగే చోటు పోయింది, ఆ జనమంతా మిగతా దారుల్లోకి వచ్చారు.

రైడ్‌లెక్క:
ఉప్పుటేరు గారూ, పీకేయడం వల్ల నష్టం నిజమే. కానీ ఐదో పార్కు వస్తే మనిషి సెలవులు పెరగవు కదా. నాలుగు రోజులకి వచ్చినవాళ్లు ఐదో రోజు ఉంటారా, లేక నాలుగింట్లో ఒకటి మానేస్తారా? రెండోదే జరిగితే మానేసేది మ్యాజిక్ కింగ్‌డమ్‌ని కాదు, సగం రోజులో అయిపోయే యానిమల్ కింగ్‌డమ్‌ని. పైగా వాళ్ల టికెట్లలో రోజులు పెరిగేకొద్దీ రోజు ధర తగ్గుతుంది. ఐదో రోజు టికెట్ మీద వచ్చేది తక్కువ, ఆదాయమంతా హోటల్ గది మీదా తిండి మీదా రావాలి.
పెంచితే ఏమవుతుందో చూడండి. యానిమల్ కింగ్‌డమ్‌లో అవతార్ సినిమా విభాగం పండోరా 2017 మే 27న తెరిచారు, ఉన్నవి రెండే రైడ్లు. పరిశ్రమ అంచనాల ప్రకారం యానిమల్ కింగ్‌డమ్‌కి 2016లో 1.08 కోట్ల మంది వస్తే 2017లో 1.25 కోట్లు. యూనివర్సల్ వాళ్ల ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ అయితే 2009లో 46 లక్షలు. 2010 జూన్‌లో హ్యారీ పాటర్ విభాగం పెట్టాక 2011లో 76 లక్షలు దాటింది. అంత పెరుగుదలకి కొత్త గేటు, అంటే వేరే పార్కు, అక్కర్లేకపోయింది.

ఉప్పుటేరు:
ఆ అంకెలు యజమానికి బాగుంటాయి. క్యూలో నిలబడేవాడి సంగతి?

రైడ్‌లెక్క:
అదీ లెక్కేద్దాం. ఉదాహరణకి రోజుకి 40 వేల మంది, 12 రైడ్లు, ఒక్కోటి గంటకి సగటున 1,200 మందిని తిప్పుతుంది, పార్కు 10 గంటలు. మొత్తం 1,44,000 సవారీలు, అంటే మనిషికి 3.6. ఒక రైడ్ మూసి పనులు మొదలుపెడితే 3.3కి పడుతుంది. ఏమీ మూయకుండా గంటకి 1,500 మందిని తిప్పే రైడ్లు రెండు కలిపితే 4.35 కావాలి. కానీ పండోరాలాగా జనం 15 శాతం పెరిగితే 46 వేల మందికి 1,74,000 సవారీలు, మనిషికి 3.78. అంత ఖర్చుపెట్టి క్యూలో దక్కే ఊరట ఇంతే. ఈ విషయంలో మీ మాటే నిజం.
అందుకే కొత్త రైడ్ పేరుకన్నా అది గంటకి ఎంతమందిని తిప్పుతుందన్నది ముఖ్యం. 24 సీట్ల రైలు 40 సెకన్లకొకటి వదిలితే గంటకి 2,160 మంది. బ్యాగులు పెట్టడం, బెల్టులు సరిచూడటం ఆలస్యమై 50 సెకన్లు పడితే 1,728. పదిగంటల్లో 4,320 సవారీలు పోయినట్టే. బ్యాగులకి వేరే చోటు, ఎక్కేందుకూ దిగేందుకూ వేర్వేరు ప్లాట్‌ఫారాలు ఉంటే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. ఫ్లోరిడా వేసవిలో మధ్యాహ్నం పిడుగులు దగ్గరికి వస్తే ఆరుబయట కోస్టర్లు ఆపేయాలి. పైకప్పు కింద నడిచే రైడ్లు సగమైనా లేకపోతే ఆ గంటలో జనానికి వెళ్లే చోటుండదు.

కొండపల్లి_బొమ్మ:
మన వండర్‌లా కొచ్చిలో 2000లో మొదలై, బెంగళూరు 2005, హైదరాబాద్ 2016, భువనేశ్వర్ 2024 అని కొత్తవి కట్టుకుంటూనే వెళ్లింది కదా?

రైడ్‌లెక్క:
అది వేరే ప్రశ్నండీ. హైదరాబాద్ పార్కు బెంగళూరు జనాన్ని పంచుకోదు, కొత్త ఊరంటే కొత్త జనం. ఒకే రిసార్టులో రెండో గేటంటే అదే కుటుంబం, అదే వారం.

నీటిమట్టం:
ఖాళీ స్థలం ఉందన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అందులో చాలా భాగం చిత్తడి నేల. మ్యాజిక్ కింగ్‌డమ్ కింద సొరంగాలంటారు గానీ, భూగర్భ జలం అంత పైన ఉండటం వల్ల వాటిని నేలమట్టంలో కట్టి, మడుగు తవ్విన మట్టి చుట్టూ పోసి, పార్కుని వాటిపైన కూర్చోబెట్టారు. ఈ రోజు కొత్త పార్కంటే ముందు చిత్తడి సర్వే, పోగొట్టినదానికి బదులు వేరేచోట చిత్తడి పునరుద్ధరణ, వాననీటి చెరువులు, మట్టి నింపి అది దిగేదాకా ఆగడం. ఆ తర్వాత రోడ్డు, కరెంటు, మురుగు లైను, పార్కింగు, వంటశాల, సిబ్బంది బస్సులు. మొదటి రైడ్ పునాదికి ముందే ఇంత డబ్బు మట్టిలోకి పోతుంది.
పాత పార్కులో ఇవన్నీ ఉన్నాయి, కానీ పని ఇరుకు. జనం ఉన్నంతసేపూ క్రేన్ తిప్పలేరు, పెద్ద బరువులు ఎత్తే పనంతా రాత్రే. నడిచే దారి కింద పాత పైపులు, తీగలు ఎక్కడున్నాయో నక్షా ఒకటి చెబుతుంది, తవ్వితే ఇంకొకటి కనిపిస్తుంది. గడువులు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఉప్పుటేరు:
అయితే కనీసం వరస మార్చమనండి. హాలీవుడ్ స్టూడియోస్‌లో స్ట్రీట్స్ ఆఫ్ అమెరికా 2016లో, గ్రేట్ మూవీ రైడ్ 2017 ఆగస్టులో మూశారు. టాయ్ స్టోరీ ల్యాండ్ వచ్చింది 2018 జూన్‌లో, స్టార్ వార్స్ విభాగం గెలాక్సీస్ ఎడ్జ్ 2019 ఆగస్టులో. ఆ మధ్యలో వచ్చినవాళ్లకి మిగిలింది ఎంత?

రైడ్‌లెక్క:
ఇందులో మీతో పూర్తిగా ఏకీభవిస్తా. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో డిస్నీ సినిమాల విలన్స్ విభాగాన్ని బిగ్ థండర్ రైడ్ కొండ అవతల వేస్తామన్నారు. ముందు అది కట్టి తెరిచి, తర్వాత నదిని ముట్టుకుని ఉంటే సరిపోయేది. యానిమల్ కింగ్‌డమ్‌లో నయం. డైనోల్యాండ్‌లో పిల్లల రైడ్ల వైపు 2025 జనవరిలో మూసినా, డైనోసార్ రైడ్‌ని ఆ ఏడాదంతా నడిపారు. దాని స్థానంలో వచ్చేది ఇండియానా జోన్స్ రైడ్. కాలిఫోర్నియాలోని ఇండియానా జోన్స్ రైడ్‌దీ దీనిదీ వాహనాలు ఒకే రకం, పట్టాల దారి కూడా దాదాపు ఒకటే. కాబట్టి భవనం కూల్చకుండానే మార్చుకోవచ్చు.
ఐదో పార్కు ఎప్పటికీ వద్దనడం లేదు. డిస్నీయే 2001లో కాలిఫోర్నియా అడ్వెంచర్ పార్కు, 2002లో పారిస్ స్టూడియోస్ పార్కు తక్కువ రైడ్లతో తెరిచి, ఏళ్ల తర్వాత మళ్లీ వంద కోట్ల డాలర్లకు మించి పోయాల్సి వచ్చింది. యానిమల్ కింగ్‌డమ్‌లో చీకటి పడ్డాక కూడా జనం ఉండేలా చేయండి, అప్పుడు ఐదోదాని నక్షా తీద్దాం.

ఉప్పుటేరు:
అలాగైతే ఆ నక్షాలో మొదటి రోజుకే పైకప్పు ఉన్న రైడ్లు ఆరు ఉండాలి. అంతకన్నా తక్కువకి ఒప్పుకోను.