పోయినేడు ఇండియానా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకి అసలేం జరిగింది? సీజన్ టికెట్ కొనొచ్చా?

కొత్తగా_వచ్చినవాడు (ప్రశ్న, ఆగస్టు 2025)

నమస్తే అండీ. ఎం.ఎస్. కోసం ఈ నెలలోనే బ్లూమింగ్టన్ వచ్చాను. అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉంటాం. మిగతా ముగ్గురూ యూనివర్సిటీ ఫుట్‌బాల్ సీజన్ టికెట్లు కొంటున్నారు, నన్నూ కొనమని ఒకటే పోరు. నాకు తెలిసిన ఫుట్‌బాల్ కాలితో ఆడేది. ఇదేమో బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తడం, కిందపడటం, మళ్ళీ అందరూ గుంపుగా నిలబడి మాట్లాడుకోవడం.

2023లో 3 గెలిచి 9 ఓడిన జట్టు, కోచ్ మారగానే 2024లో 11 గెలిచి 2 ఓడిందట. ఒక్క మనిషి మారితే అంత తేడా వస్తుందా? లేక గాలివాటమా? ఇంకా మొదటి నెల అద్దె లెక్కే తేలలేదు, అందుకే అడుగుతున్నాను.

పులిహోర_డబ్బా

తమ్ముడూ, ఈ ఊళ్ళో నాకిది పద్నాలుగో ఏడు. ముందు ఊరి సంగతి చెప్తాను.

ఇది బాస్కెట్‌బాల్ ఊరు. ఫుట్‌బాల్ అంటే శనివారం పూట స్టేడియం పక్క గడ్డిలో కారు డిక్కీ తెరిచి తినడానికి ఒక వంక. దాన్ని టెయిల్‌గేట్ అంటారు. స్టూడెంట్స్‌లో చాలామంది అక్కడే ఉండిపోయేవాళ్ళు, లోపలికి వచ్చినవాళ్ళు కూడా హాఫ్ టైమ్‌కి డిక్కీల దగ్గరికి తిరిగొచ్చేవాళ్ళు. నేనూ ఆ బాపతే. మా ఆవిడ కలిపిన పులిహోర డబ్బా ఖాళీ అయ్యేసరికి మ్యాచ్ ఎటూ పోయిందని తేలిపోయేది. పెద్ద స్థాయి కాలేజీ జట్లన్నిటిలో, చరిత్ర మొత్తం మీద ఎక్కువ మ్యాచులు ఓడిన రికార్డు అప్పటికి మనదే మరి.

2023 నవంబరు చివర్లో కర్ట్ సిగ్నెట్టి వచ్చాడు. 62 ఏళ్ళ మనిషి. అలబామాలో నిక్ సేబన్ అనే పేరుమోసిన కోచ్ దగ్గర అసిస్టెంట్‌గా చేసి, తర్వాత చిన్న కాలేజీలకి వెళ్ళి హెడ్ కోచ్‌గా మెట్టు మెట్టుగా ఎక్కి, జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి ఇక్కడికి చేరాడు. ఇక్కడికి రావడానికి ఆటగాళ్ళని ఎలా ఒప్పిస్తున్నారని విలేకరులు అడిగితే, 'నేను గెలుస్తాను. గూగుల్ చేసి చూసుకోండి' అన్నాడు. మేం నవ్వుకున్నాం. టీవీలో చూసి మా ఆవిడ 'అచ్చం మా పెద్ద మేనమామే, పెళ్ళి భోజనాల్లో కూడా నవ్వడు' అంది.

ఇక నీ ప్రశ్న. ఒక్క మనిషి కాదు, అక్కడే ఉంది కిటుకు. జేమ్స్ మాడిసన్ నుంచి తనతోపాటు 13 మంది ఆటగాళ్ళని తెచ్చుకున్నాడు. ఆఫెన్స్ చూసే షానహాన్‌నీ, డిఫెన్స్ చూసే హెయిన్స్‌నీ కూడా అక్కడి నుంచే తెచ్చాడు. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అని ఒకటుంది, కాలేజీ మారిన ఆటగాడు ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు. అందరూ దాంట్లోంచి స్టార్ల కోసం వెతుకుతారు. ఈయన మాత్రం మూడు నాలుగేళ్ళు నిజంగా మ్యాచులు ఆడినవాళ్ళనే ఏరుకున్నాడు. మీది ఏ ఊరో తెలీదుగానీ, వరి ఊడ్పులు చూసే ఉంటావు. నారు పీకేటప్పుడు వేళ్ళకి కాస్త మట్టి ఉంటే తొందరగా నిలదొక్కుకుంటుంది. ఈయన ఆ మట్టితో సహా తెచ్చి నాటాడు. డిఫెన్స్‌లో ఏ అరుపుకి ఎవడు ఎటు కదలాలో ఆ పిల్లలకి ముందే తెలుసు, మిగతావాళ్ళు వాళ్ళని చూసి నేర్చుకున్నారు.

క్వార్టర్‌బ్యాక్, అంటే ఆఫెన్స్‌ని నడిపిస్తూ బంతి విసిరేవాడు, రూర్క్ అనే కెనడా కుర్రాడు, ఒహాయో యూనివర్సిటీ నుంచి వచ్చాడు. ఒహాయో స్టేట్ కాదు, అది వేరు. ఇక్కడ ఆ రెండూ కలిపేస్తే కొడతారు.

మొదట్లో నేనూ నమ్మలేదు. వెస్టర్న్ ఇల్లినాయి మీద 77-3 కొడితే చిన్న జట్టులే అనుకున్నా. రోజ్ బౌల్ స్టేడియానికి వెళ్ళి యూసీఎల్‌ఏ మీద 42-13 కొట్టినప్పుడు కొంచెం సర్దుకుని కూర్చున్నా. నెబ్రాస్కా మీద 56-7 మ్యాచ్‌లో రూర్క్ బొటనవేలు దెబ్బతింది, సర్జరీ అన్నారు. ఇంక అయిపోయిందిలే అనుకున్నాం. పై వారం వాషింగ్టన్ మీద పాండ్స్ అనే డిఫెన్స్ కుర్రాడు ఎదుటివాళ్ళ పాస్ లాగేసుకుని 67 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ (బంతిని ఆఖరి గీత దాటించడం, ఆరు పాయింట్లు) చేశాడు. మా అమ్మాయి నా భుజం మీద కొట్టిన దెబ్బ మర్నాటికి కూడా తగ్గలేదు.

నువ్వు ఒక్క మ్యాచ్ వీడియో చూడాలనుకుంటే నవంబరు 9 మిషిగన్ మ్యాచ్ చూడు. సగానికి 17-3 మనం ముందున్నాం. రెండో సగంలో మన ఆఫెన్స్ కాళ్ళకి బంకమట్టి అంటుకున్నట్టయింది. మిషిగన్ వాళ్ళు మూడేసి పాయింట్లు కొట్టుకుంటూ వచ్చారు, చివరికి టచ్‌డౌన్ కూడా చేశారు. 17-15. రెండు పాయింట్ల ప్రయత్నం చేశారు, అది తగిలితే సమానం. నా పక్క సీటాయన డెబ్బై దాటిన మనిషి, 1967 సీజన్‌లో జట్టు రోజ్ బౌల్ మ్యాచ్‌కి వెళ్ళినప్పుడు ఇక్కడ స్టూడెంటట. అప్పటిదాకా చేతిలో ఉన్న వేరుశెనగ పొట్లంలోంచి ఒక్క గింజ తినలేదు, పొట్లం మాత్రం పిండిపిండి అయింది. ఆ రెండు పాయింట్లు రాలేదు. తర్వాత మనవాడు ఒక ఫీల్డ్ గోల్ (బంతిని కాలితో తన్ని తెచ్చే మూడు పాయింట్లు) కొట్టాడు, 20-15, అయిపోయింది. స్కూలు చరిత్రలో ఒకే సీజన్‌లో పది గెలవడం అదే మొదటిసారి. ఆయన పొట్లం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. పొడి తిన్నాను, బాగానే ఉంది.

తర్వాత ఒహాయో స్టేట్ 38-15తో కొట్టింది, ప్లేఆఫ్ మొదటి రౌండ్‌లో నోటర్ డామ్ 27-17తో ఇంటికి పంపింది. సీజన్ అయ్యాక తెలిసింది, రూర్క్ మోకాలి లిగమెంటు తెగి ఉండగానే ఆడాడని.

లెక్క_చూడండి

పులిహోర అన్నయ్యా, కథ బాగుంది కానీ షెడ్యూలు సంగతి చెప్పరేం? ఓరెగాన్ తగల్లేదు, పెన్ స్టేట్ తగల్లేదు. గట్టి జట్టు ఎదురైన రెండుసార్లూ ఓడిపోయారు. నోటర్ డామ్‌తో 27-3 వెనకబడ్డాక చివర్లో రెండు టచ్‌డౌన్లు కొట్టారు కాబట్టి స్కోరు మర్యాదగా కనబడుతోంది. మిషిగన్, వాషింగ్టన్ ముందు ఏడాది ఫైనల్ ఆడిన జట్లే, నిజమే. కానీ ఫైనల్ అవగానే ఆ రెండిటి కోచ్‌లూ వెళ్ళిపోయారు, ఆటగాళ్ళు చెల్లాచెదురయ్యారు. 2024లో మీరు కొట్టింది ఆ పేర్లని.

పులిహోర_డబ్బా

కాదనను తమ్ముడూ. నోటర్ డామ్ మ్యాచ్‌లో లవ్ అనేవాడు 98 గజాలు పరిగెత్తినప్పుడే టీవీ ముందు నుంచి లేచి అంట్లు తోమడానికి వెళ్ళాను. కాకపోతే మనల్ని ఓడించిన ఆ రెండే చివరికి ఫైనల్ ఆడాయి. కోచ్ వెళ్తే ఫైనల్ ఆడిన జట్టు కూలిపోతుందని నువ్వే అన్నావు, మరి వస్తే లేవదా? మన సన్‌రైజర్స్ చూడు, 2023లో అట్టడుగున ఉండి, వెటోరీ, కమిన్స్ వచ్చాక 2024లో ఫైనల్‌కి వెళ్ళలేదూ? ఫైనల్లో ఏం జరిగిందో మాత్రం నన్ను అడక్కు.

పడమటి_లఫాయెట్

బాబాయ్ గారూ, నేను పర్డ్యూలో చదువుతున్నాను. మీరు మమ్మల్ని కొట్టిన 66-0 గురించి ఒక్క ముక్క రాయకపోవడం మర్యాద అనుకోవాలా, ఎగతాళి అనుకోవాలా? ఆ రోజు నేను మీ స్టేడియంలోనే ఉన్నాను, నలుపు జాకెట్ మీద దుప్పటి కప్పుకుని. మాకు ఏడాదంతా కలిపి ఒక్కటే గెలుపు. మర్నాడే మా కోచ్‌ని తీసేశారు.

కొత్తబ్బాయికి: ఈ రెండు స్కూళ్ళ మ్యాచ్‌లో గెలిచినవాళ్ళకి ఒక పాత చెక్క బకెట్ ఇస్తారు. 1925 నుంచీ ఉంది. ఏటా గెలిచినవాళ్ళ అక్షరం గొలుసుకి కలుపుతారు. మొదటి ఏడాది 0-0, అందుకని మొదటి కొక్కెం మీద రెండు అక్షరాలూ ఉంటాయి. మాకు ఇప్పుడు ఆ కొక్కెమే దిక్కు.

కొత్తగా_వచ్చినవాడు

అందరికీ థాంక్స్ అండీ. రెండు పాయింట్ల ప్రయత్నం అంటే ఏంటో తెలుసుకోవడానికి రాత్రి ఒంటిగంట దాకా మిషిగన్ వీడియో చూశాను. టికెట్ తీసుకున్నాను. అన్నా, ఈసారి కూడా కొత్త క్వార్టర్‌బ్యాక్ అంటున్నారు కదా, బర్క్‌లీ నుంచి మెండోజా అని. మళ్ళీ మొదటికొస్తుందా? ఇంకోటి, తినేవి లోపలికి తీసుకెళ్ళనిస్తారా?

పులిహోర_డబ్బా

మెండోజా సంగతి నాకూ చూడాలనే ఉంది. కోచ్‌లు వాళ్ళే, డిఫెన్స్‌లో పాతవాళ్ళు కొందరు మిగిలారు, కాబట్టి మరీ మొదటికైతే రాదు. బయటి తిండి లోపలికి రానివ్వరు, బ్యాగు కూడా లోపలున్నది కనబడే ప్లాస్టిక్‌దే ఉండాలి. అందుకే ముందే తినేసి వెళ్ళాలి. మధ్యాహ్నం మ్యాచ్ అయితే తూర్పు స్టాండ్‌లో ఎండ మొహం మీదే కొడుతుంది, టోపీ మర్చిపోకు. స్టేడియం దగ్గర గడ్డిలో, వెనక అద్దం మీద తిరుపతి స్టిక్కరున్న బూడిదరంగు వ్యాన్ మాది. నీ ప్లేటూ చెంచా నువ్వే తెచ్చుకో.

పడమటి_లఫాయెట్

ఈసారి బకెట్ మ్యాచ్ మా ఊళ్ళో. ఆ డబ్బా అక్కడికీ తెస్తారా?