సంక్రాంతికి తొమ్మిది రోజులు ఊరెళ్తున్నాం, మా లడ్డుని ఎవరి దగ్గర ఉంచాలి?

లడ్డు వాళ్లమ్మ (మియాపూర్)

అందరికీ నమస్కారం. మేమిద్దరం ఉద్యోగస్తులమే. లడ్డు దేశీ కుక్క, 2021లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వానకి తడిసి వణుకుతూ దొరికాడు, అప్పటి నుంచి మాతోనే ఉన్నాడు. మొదట్లో ఇంటి నుంచే పని కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు ఆఫీసు, ఎనిమిదిన్నరకి బయల్దేరితే తిరిగొచ్చేసరికి ఏడు దాటుతుంది, మధ్యలో మా ఇంట్లో పనిచేసే ఆమె ఒంటిగంటకి వచ్చి వాణ్ని కింద తిప్పి, అన్నం పెట్టి వెళ్తుంది. అలా రోజులు గడిచిపోతున్నాయి. అసలు టెన్షన్ పండగ గురించే.

దసరాకి ఐదు రోజులు డబ్బు తీసుకుని కుక్కల్ని చూసుకునే ఒక బోర్డింగ్‌లో వదిలాం. రోజూ వాట్సాప్‌లో వీడియో పంపేవాళ్లు, వాడు తోక ఊపుతూ కనిపిస్తే బాగానే ఉన్నాడనుకున్నాం. ఇంటికి తెచ్చాక చూస్తే చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో అన్నీ పిడుదులే, అరిచి అరిచి గొంతు కూడా పోయింది. పన్నెండు రోజులకి జ్వరం వచ్చింది, తిండి మానేశాడు, చిగుళ్లు పాలిపోయాయి. రక్తపరీక్షలో టిక్ ఫీవర్ (పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) అని తేలింది, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, 28 రోజులు మందులు వాడితే కోలుకున్నాడు. ఇప్పుడు నేను బ్యాగు బయటికి తీస్తే చాలు, వెళ్లి తలుపుకి అడ్డంగా పడుకుంటున్నాడు. కడుపు తరుక్కుపోతోంది.

మా అత్తగారిది అమలాపురం దగ్గర పల్లెటూరు. మావారి నాయనమ్మగారికి మడి, ఆచారం ఎక్కువ, కుక్క గడప దాటకూడదు. అన్ని రోజులు పెరట్లో కట్టేసి ఉంచడానికి నాకు మనసొప్పదు. మా వాచ్‌మన్ రెండు పూటలా తిండి పెడతానంటున్నాడు, మావారు సరే అంటున్నారు, నాకే ధైర్యం చాలడం లేదు. మీరైతే ఏం చేస్తారో చెప్పండి.

మూడు తోకల ఇల్లు (విశాఖ)

నేను మా ఇంట్లోనే కుక్కల్ని చూసుకుంటానండీ, ఒకసారికి ముగ్గురికి మించి ఒప్పుకోను. అందుకే అటువైపు నుంచి చెప్తాను. బోర్డింగులన్నీ చెడ్డవని కాదు, కానీ మనం అడగాల్సినవి అడగం. రాత్రి పదింటి తర్వాత అక్కడ మనిషి ఉంటాడా, గేటుకి తాళం వేసి వెళ్లిపోతారా? ముందు ఇది అడగండి. మీ కుక్క వ్యాక్సిన్ కార్డు వాళ్లు అడగకపోతే వెంటనే వచ్చేయండి, ఎందుకంటే మిగతా కుక్కలవి కూడా అడిగి ఉండరు. రేబిస్ టీకా, డిస్టెంపర్, పార్వో లాంటి జబ్బులకి వేసే డీహెచ్‌పీపీ టీకా ఎవరైనా చూస్తారు, కెన్నెల్ కాఫ్ టీకా సంగతి చాలామంది మర్చిపోతారు. పది కుక్కలు ఒకేచోట ఉంటే ఆ దగ్గు ఒకదాన్నుంచి ఒకదానికి ఇట్టే అంటుకుంటుంది, అది వేయించాలంటే వదిలే రోజుకి కనీసం రెండు వారాల ముందే వేయించాలి. పిడుదులకి నెల రోజులు పనిచేసే మాత్రలున్నాయి, లడ్డుకి ఒకసారి టిక్ ఫీవర్ వచ్చింది కాబట్టి డాక్టర్ని అడిగి బయల్దేరే ముందే వేయండి.

ఇంకో మాట. నా దగ్గరికి వచ్చే కుక్కల్లో మొదటిరోజు తిండి ముట్టనివే ఎక్కువ. ముందోసారి వచ్చి ఒక రాత్రి పడుకుని వెళ్లినవి మాత్రం రెండోసారి హాయిగా తింటాయి. వాటికి మనం తిరిగొస్తామని తెలియదు కదా. ఒకసారి వదిలి, ఒకసారి తిరిగొచ్చి చూపిస్తేనే తెలుస్తుంది. ఎక్కడ ఉంచినా సరే, ముందు ఒక రాత్రి ట్రయల్ లేకుండా తొమ్మిది రోజులు వదలకండి.

గోదారి గట్టు (రాజమండ్రి)

మేం మా ల్యాబ్రడార్ కుక్కని రైల్లోనే తీసుకొస్తాం సిస్టర్. ఏసీ ఫస్ట్ క్లాస్‌లో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మన పేరు మీదే ఉండాలి, అప్పుడే కుక్కని వెంట పెట్టుకోనిస్తారు. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లో కుదరదు. స్టేషన్‌కి ముందుగా వెళ్లి పార్సిల్ ఆఫీసులో బుక్ చేయించాలి, పశువుల డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి. చిక్కేమిటంటే కూపే ఇచ్చారో లేదో చార్ట్ తయారయ్యేదాకా తెలియదు, సంక్రాంతి రద్దీలో ఆ ఆశ పెట్టుకోకండి. గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌లో కుక్కల కోసం డాగ్ బాక్స్ ఉంటుంది కానీ ఆ చీకట్లో, ఆ చప్పుడులో రాత్రంతా ఉంచడం నాకైతే పాపం అనిపిస్తుంది.

కార్లో అయితే పంతంగి టోల్ గేట్ దగ్గర పండగ ముందు ఎంత జామ్ ఉంటుందో మీకు తెలిసిందే. రెండు మూడు గంటలకోసారి దింపి నీళ్లు పట్టాలి, ఏసీ ఆపేసి కార్లో వదిలి టిఫిన్‌కి వెళ్లకూడదు. ఊళ్లో ఇంకో జాగ్రత్త: పరమాన్నంలో ఎండుద్రాక్ష ఉంటుంది, ద్రాక్ష కుక్కల కిడ్నీలకి విషం, ప్రేమతో పెట్టే చుట్టాలకి ముందే చెప్పాలి. ఉల్లిపాయ కూడా పెట్టకూడదు. నాయనమ్మగారితో ఒకసారి మాట్లాడి చూడండి, డాబా మీద గది ఉంటే ఆవిడకీ ఇబ్బంది ఉండదు.

బ్రౌనీ నాన్న (గుంటూరు)

అక్కా, వాచ్‌మన్ ఆలోచన మానుకోండి. అతను చెడ్డవాడని కాదు, గేటు చూసుకోవడమే అతని పని, కుక్క మీద కన్ను ఎంతసేపని వేస్తాడు. మేం బ్రౌనీని పక్కింటివాళ్లకి అప్పగించి వెళ్లాం. భోగి తెల్లవారుజామున పిల్లలు టపాకాయలు కాల్చారు, పక్కింటావిడ పాలకోసం తలుపు తీసింది, ఆ సందులోంచి బ్రౌనీ పరిగెత్తింది. పక్కింటివాళ్ల ఫోన్ వచ్చేసరికి మేం నెల్లూరులో మంట దగ్గర కూర్చుని ఉన్నాం. అప్పటికప్పుడు వెనక్కొచ్చాం. రెండు రోజులు వెతికితే మూడు కిలోమీటర్ల అవతల రైస్ మిల్లులో బస్తాల వెనక దొరికింది, పాదాలు చీరుకుపోయాయి. మెడపట్టీకి ఫోన్ నంబర్ ఉండబట్టి మిల్లు వాళ్లే కాల్ చేశారు. పట్టీ మీద మీ నంబరుతో పాటు ఊళ్లో ఉండే ఇంకొకరిది కూడా రాయండి. హైదరాబాద్‌లో పతంగుల గోల కూడా ఉంటుంది, డాబాల మీద డీజేలు, రోడ్ల మీద తెగిన మాంజా. ఆ రెండు రోజులు పొద్దున్నే, చీకటి పడ్డాక మాత్రమే, అదీ గొలుసుతోనే కిందికి దింపమనండి.

ఒకటి అడుగుతాను. రోజూ ఒంటిగంటకి వచ్చే ఆమెని లడ్డు ఎలా చూస్తాడు? మీరు బయట వెతుకుతున్న మనిషి మీ ఇంట్లోనే ఉన్నట్టుంది.

నల్లపిల్లి (వరంగల్)

పిల్లులున్నవాళ్లు కూడా చదువుతుంటారని రాస్తున్నాను. పిల్లిని చోటు మార్చకండి, మనిషినే ఇంటికి రప్పించండి. భయంతో రెండు మూడు రోజులు తినకపోతే దాని లివర్ పాడయ్యే ప్రమాదం ఉంది. వచ్చినవాళ్లు గిన్నెతో పాటు లిట్టర్ (పిల్లి మలమూత్రాలకి పెట్టే మట్టి ట్రే) కూడా చూడాలి. మగపిల్లి ఒక రోజంతా మూత్రం పోయకపోతే అదే ఎమర్జెన్సీ, తెల్లారేదాకా ఆగకూడదు.

లడ్డు వాళ్లమ్మ (మియాపూర్)

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. బ్రౌనీ నాన్నగారూ, మీ ప్రశ్న చదివాక కాసేపు ఏమీ తోచలేదు. ఆమె లిఫ్ట్ దిగిన చప్పుడుకే లడ్డు లేచి నిలబడతాడు. మూడేళ్లుగా రోజూ చూస్తున్నా ఆమెని అడగాలని నాకు తట్టనేలేదు.

నిన్న అడిగాను. భోగికి, సంక్రాంతికి వాళ్ల ఊరు వెళ్లాలట, మిగతా రోజులు కూతురిని తీసుకుని మా ఇంట్లోనే పడుకుంటానంది. జీతం కాకుండా రోజుకి ఇంతని విడిగా ఇస్తామన్నాను, పండగ పూట ఆమె టైముకీ విలువ ఉంది కదా. ఆ రెండు రోజులకి మా తమ్ముడు వస్తాడు, వాణ్ని లడ్డు బాగానే ఎరుగుతాడు. మావారితో మాట్లాడి తొమ్మిది రోజుల్ని ఆరుకి తగ్గించాం. డాక్టర్ నంబరు, పెట్టే తిండి కొలత, రాత్రిపూట ఏదైనా అయితే ఎంత ఖర్చయినా ముందు తీసుకెళ్లమని రాసి ఫ్రిజ్‌కి అంటించాను, డాక్టర్‌గారికి కూడా ఫోన్ చేసి చెప్పాను.

ఈ శనివారం రాత్రి ట్రయల్. మేమిద్దరం తమ్ముడింట్లో పడుకుంటాం, ఆదివారం పొద్దున్నే వచ్చేస్తాం. నా పాత చీర వాడి పరుపు మీద వేసి వెళ్తున్నాను. తిన్నాడో లేదో ఇక్కడే రాస్తాను.