బొగ్గు కేంద్రాన్ని గ్యాసుకు మార్చాలా? అల్బర్టా అనుభవం, మన ఇబ్రహీంపట్నం

కృష్ణా ఒడ్డు:
కెనడాలోని అల్బర్టా 2030 దాకా గడువున్నా 2024 జూన్‌లోనే బొగ్గు కరెంటుకు స్వస్తి పలికింది. ఆఖరున గ్యాసుకు మారింది ఎడ్మంటన్ దగ్గరి జెనసీ కేంద్రం. ఇక్కడ ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లు వీటీపీఎస్ (విజయవాడ బొగ్గు విద్యుత్ కేంద్రం) బూడిదతో ఏళ్లుగా వేగుతున్నాయి. కూతవేటు దూరంలో కృష్ణా గోదావరి గ్యాసు ఉండగా మనమెందుకు మార్చకూడదు?

పాత బాయిలర్:
కెనడా గ్యాసులో సగానికి పైగా అల్బర్టాలోనే దొరుకుతుంది. పైగా అక్కడ కార్బన్ మీద పన్ను ఉంది కాబట్టి బొగ్గు కాల్చడమే నష్టమైంది. మన సంగతి వేరు. కృష్ణా గోదావరి తీరంలోని సముద్రపు గ్యాసు క్షేత్రం కేజీ డీ6లో ఉత్పత్తి 2009లో మొదలై, మరుసటి ఏడాదికి రోజుకు దాదాపు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. 2013కల్లా అందులో నాలుగో వంతు కూడా మిగల్లేదు. ఆ గ్యాసును నమ్ముకుని కట్టిన కేంద్రాలు మూలనపడ్డాయి. సామర్లకోటలో కట్టిన కేంద్రం ఎదురుచూసి చూసి, చివరికి కొన్ని యంత్రాలను బంగ్లాదేశ్‌కు పంపేసింది. ఇంత చూశాక మళ్లీ అదే గ్యాసు మీద ఆశ పెట్టుకోమంటే నేను ఒప్పుకోను.

ఇంకొకటి. పాత బాయిలర్‌కు గ్యాసు బర్నర్లు బిగిస్తే బూడిద పోతుంది, కానీ ఇంధనంలో నలభై శాతం కూడా కరెంటుగా మారదు. జెనసీలో గ్యాస్ టర్బైన్లు కొత్తగా పెట్టి, వాటి వేడితో పాత ఆవిరి టర్బైన్లను తిప్పుతున్నారు. లాభం అందులో ఉంది, ఖర్చూ అందులోనే ఉంది.

కోనసీమ కొబ్బరి:
గ్యాసు శుభ్రమైనదని అనేవారు మా కోనసీమలోని ‘నగరం’ అనే గ్రామాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాసు గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. మీ ఊరి బూడిద వదిలించడానికి మా పొలాల కింద ఇంకో గొట్టం వేస్తామంటే ఊరుకోం. లీకయ్యే మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువుకన్నా ఎనభై రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరెందుకు?

కృష్ణా ఒడ్డు:
మీ బాధ న్యాయమైనదే. అయితే మా పిల్లలు ఈ బూడిద పీలుస్తూ ఇంకెన్నాళ్లు ఉండాలి?

పాత బాయిలర్:
ఒక్క రోజు కూడా ఉండకూడదు. అందుకు గ్యాసు కోసం ఆగనక్కరలేదు. బూడిద చెరువును ఎప్పుడూ తడిగా ఉంచాలి, లారీల మీద టార్పాలిన్ కప్పాలి, పొగగొట్టం దగ్గర పొగలోని బూడిదను పట్టే ఈఎస్పీ యంత్రాలు సరిగా పనిచేయాలి. ఇవి ఇప్పుడే చేయగల పనులు. 1979-80లో మొదలైన పాత యూనిట్లను ముందుగా మూసేయాలి. మార్పిడికి పెట్టే డబ్బును సౌర విద్యుత్తుకు, పిన్నాపురం తరహా పంప్డ్ స్టోరేజీకి (నీటిని పైకి తోడి ఉంచి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి) పెట్టమని అడుగుదాం. ఈసారి ప్రజాభిప్రాయ సేకరణకు రెండు ఊళ్లవాళ్లమూ కలిసే వెళదాం.