పాడుబడిన గడీలను ప్రజాధనంతో నిలబెట్టాలా?

చర్చ ప్రారంభించినవారు:
దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చినప్పటి నుంచి, తెలంగాణలో మిగిలిన గడీలను, అంటే దొరల కోటల్లాంటి ఇళ్లను కూడా ప్రభుత్వమే బాగుచేయించాలన్న మాట తరచుగా వినిపిస్తోంది. దోమకొండలో ఆ పని వారసుల కుటుంబం చేయించుకుంది కనుక అభ్యంతరం లేదు. కానీ 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుపై తన మనుషులతో కాల్పులు జరిపించి రైతాంగ పోరాట కార్యకర్త దొడ్డి కొమరయ్యను బలిగొన్న విసునూరు దొర (దేశ్‌ముఖ్‌) వంటి వారి ఇళ్లకు జనం పన్నులతో సున్నం కొట్టించడం ఏ న్యాయం? కూలేవాటిని కూలనివ్వాలి.

మొదటి జవాబు:
దొర చెడ్డవాడైతే గోడ ఏం చేసింది? ఆ రాయి మోసింది, ఆ టేకు చెక్కింది ఊరివాళ్లే. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ నడిపినట్లు, వీటిలో బడినో గ్రంథాలయాన్నో పెట్టవచ్చు.

రెండవ జవాబు:
ఇద్దరూ గడీ ఎలా కూలిందన్నది వదిలేశారు. మా ఊరి గడీలో దూలాలు ఎవరో ఊడబెరుక్కుపోగా, అవి గోడలోకి దిగిన చోట నలుచదరపు బొక్కలు మిగిలాయి. వాటిలో పావురాలు గూళ్లు పెట్టాయి, పైనుంచి వాన నేరుగా గోడ నడుమకు దిగడంతో రాళ్లను పట్టి ఉంచే డంగు సున్నం విడిపోయి, ఆ సందులో రావి వేరు బొటనవేలంత లావున పాకింది. మిద్దె ఇల్లు ఏటా వానలకు ముందు మట్టి సర్ది, నెర్రెలు పూడ్చితేనే నిలుస్తుంది. దొరకు ఆ పని కూలి లేకుండా జరిగేది, ఎందుకంటే అది వెట్టి. తెలంగాణ సాయుధ పోరాటం వెట్టిని తుడిచిపెట్టింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950 కౌలుదారీ చట్టం, 1973 భూపరిమితి చట్టం వచ్చాయి, 1978 నాటికి జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో రైతుకూలీలు మళ్లీ కదిలేసరికి చాలామంది దొరలు తాళం వేసి పట్నం చేరారు. మంటల్లో పోయిన గడీలు లేకపోలేదు గానీ, నా లెక్కలో ఎక్కువ వాటిని కూల్చింది జీతమిచ్చి పని చేయించుకోవాల్సి రావడమే.

కనుక అన్నింటినీ నిలబెట్టాలనను. ఒకటి రెండింటిని, అదీ మంచి స్థితిలో ఉన్నవాటిని ఎంచుకుని, బురుజూ చెక్కడాలతో పాటు చాకలి, కుమ్మరి, మాదిగ తదితరులు ఏ పని కూలి లేకుండా చేశారో, ధాన్యం ఎక్కడ కొలిచి పోశారో, జనాన్ని ఏ వాకిట నిలబెట్టారో ఆయా చోట్లనే రాసి పెట్టాలి. పెళ్లిళ్లకు అద్దెకిచ్చే హోటలుగా మారుస్తామంటే మాత్రం, కూలనివ్వాలన్న, చర్చ ప్రారంభించిన మిత్రుడి పక్షానే నిలుస్తాను.

చర్చ ప్రారంభించినవారు:
ఆ రాతలు పెట్టే అధికారం ఊరి గ్రామసభకు ఉంటుందా, పర్యాటక శాఖకు ఉంటుందా? గ్రామసభకైతే నా అభ్యంతరం సగం తగ్గుతుంది.