ఆర్పీఎం నుంచి డెబ్: మార్చాక స్కానర్ కనిపించట్లేదు (డెబియన్ 12)

పెంగ్విన్‌బాబు:
స్కానర్ డ్రైవర్‌ని కంపెనీ ఆర్పీఎంగా (ఫెడోరా, రెడ్‌హ్యాట్‌ల ప్యాకేజీ ఫైల్) మాత్రమే ఇచ్చింది. ప్యాకేజీల రకం మార్చే ఏలియన్‌కి 'స్క్రిప్ట్స్' ఆప్షన్ (ఇన్‌స్టాల్‌ అప్పుడు నడిచే స్క్రిప్టులనీ వెంట తెస్తుంది) ఇచ్చి డెబ్ (డెబియన్ ప్యాకేజీ) చేశాను. ఇన్‌స్టాల్ మధ్యలో "కాన్ఫిగర్: ఇంటీజర్ ఎక్స్‌ప్రెషన్ ఎక్స్‌పెక్టెడ్" అని ఆగిపోతోంది. ఇప్పుడు ఆప్ట్‌తో వేరే ఏం పెట్టబోయినా ఇదే ఎర్రర్. స్క్రిప్ట్స్ వదిలేసి మారిస్తే ఎక్కుతుంది గానీ, స్కాన్‌ఇమేజ్ (దొరికిన స్కానర్లని చూపే కమాండ్) జాబితాలో స్కానర్ రాదు.

షెల్‌స్వామి:
ఏలియన్ డబ్బా మారుస్తుందండీ, లోపలి సరుకు కాదు. మీకు రెండు వేర్వేరు సమస్యలున్నాయి.

ఎర్రర్ సంగతి: ఆర్పీఎం తన స్క్రిప్టుకి అంకె పంపుతుంది. కొత్తగా పెడితే 1, అప్‌గ్రేడ్ అయితే 2. డీపీకేజీ (డెబియన్‌లో ప్యాకేజీలు పెట్టే, తీసే ప్రోగ్రామ్) పంపేది 'కాన్ఫిగర్' అనే మాట. స్క్రిప్టేమో ఆ మాటని 1తో పోల్చబోయి బోల్తా పడుతోంది. ముందు డీపీకేజీ పర్జ్‌తో పాతది తీసేయండి. తీసేటప్పుడూ స్క్రిప్ట్ అడ్డం పడితే, /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫోలో ఆ ప్యాకేజీ స్క్రిప్టు మొదటి లైను కింద 'ఎగ్జిట్ 0' అని రాసి మళ్లీ పర్జ్ చేయండి.

తర్వాత రూట్‌గా ఏలియన్‌ని 'స్క్రిప్ట్స్'తో పాటు 'జెనరేట్' ఆప్షన్‌తో నడపండి. డెబ్ కట్టకుండా ఫోల్డర్ విప్పి ఆపేస్తుంది. అందులో డెబియన్ అనే ఫోల్డర్‌లో పోస్ట్‌ఇన్‌స్ట్ (ఇన్‌స్టాల్ అయ్యాక నడిచే స్క్రిప్ట్) ఉంటుంది. 1తో పోల్చే చోట 'మొదటి ఆర్గ్యుమెంట్ కాన్ఫిగర్, రెండోది ఖాళీ' అన్న షరతు పెట్టండి. రెండోది ఖాళీ అంటే కొత్త ఇన్‌స్టాల్. అప్‌గ్రేడ్ అయితే అక్కడ పాత వెర్షన్ నంబర్ వస్తుంది. తీసేసేటప్పుడు నడిచే స్క్రిప్టుల్లో 0తో పోల్చే లైన్లుంటే అక్కడ 'రిమూవ్' అని మార్చాలి. అన్నీ అయ్యాక అదే ఫోల్డర్ నుంచి డెబియన్/రూల్స్‌ని 'బైనరీ' అని నడిపితే డెబ్ తయారు.

లిబ్64:
రెండో సమస్య దారి. ఫెడోరా, రెడ్‌హ్యాట్ వాళ్లు 64 బిట్ లైబ్రరీలని /యూఎస్ఆర్/లిబ్64లో పెడతారు. డెబియన్‌లో సేన్ (లినక్స్‌లో స్కానర్లని నడిపే సాఫ్ట్‌వేర్) తన బ్యాకెండ్ల (ఒక్కో రకం స్కానర్‌కి డ్రైవర్ ఫైళ్లు) కోసం వెతికేది /యూఎస్ఆర్/లిబ్/ఎక్స్86_64-లినక్స్-జీఎన్‌యూ/సేన్‌లో. లిబ్64 వైపు అసలు చూడదు. కాబట్టి జెనరేట్ చేసిన ఫోల్డర్‌లోనే, రూల్స్ నడపకముందే, లిబ్64లోని సేన్ ఫోల్డర్‌ని అక్కడికి తరలించండి. /ఈటీసీ/సేన్.డి కింద డీఎల్ఎల్.కాన్ఫ్‌లో బ్యాకెండ్ పేరు ఉందో లేదో చూడండి. ఆ లైన్ చేర్చే పని చాలా డ్రైవర్లలో పోస్ట్‌ఇన్‌స్ట్‌దే. మీరు స్క్రిప్ట్స్ వదిలేసినప్పుడు అదీ పోయి ఉంటుంది.

మామూలు లైబ్రరీలకైతే తరలింపు బదులు /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డిలో లిబ్64 దారి రాసిన ఫైల్ పెట్టి ఎల్‌డీకాన్ఫిగ్ నడిపితే సరిపోతుంది. సేన్‌కి ఇది పనిచేయదు, దాని దారి దానిదే.

షెల్‌స్వామి:
ఇంకోటి. ఆర్పీఎంలో రాసిన డిపెండెన్సీ పేర్లు డెబ్‌లోకి రావు. బ్యాకెండ్ ఫైల్ మీద ఎల్‌డీడీ (ఫైల్‌కి కావాల్సిన లైబ్రరీలని చూపే కమాండ్) నడిపి "నాట్ ఫౌండ్" అన్నవి చూసుకుని, ఏ ప్యాకేజీలో ఉన్నాయో ఆప్ట్-ఫైల్‌తో వెతికి పెట్టుకోండి.

కంపెనీ ఫెడోరాకి ఒకటి, రెడ్‌హ్యాట్ 9కి ఒకటి ఇస్తుంటే రెడ్‌హ్యాట్‌దే తీసుకోండి. డెబియన్ 12లో జీలిబ్‌సీ (దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ) 2.36, రెడ్‌హ్యాట్ 9లో 2.34. ఫెడోరా 40లో 2.39, దాంట్లో కట్టిన బైనరీ 2.38 సింబల్ (ఆ వెర్షన్‌లోని ఫంక్షన్ పేరు) అడిగిందంటే ఏలియన్ ఎన్ని తంటాలు పడినా నడవదు. మార్చకముందే ఆర్పీఎం కమాండ్‌తో ఆ ఫైల్ 'రిక్వైర్స్' జాబితా చూస్తే ఇది తెలిసిపోతుంది.

పెంగ్విన్‌బాబు:
స్కానర్ వచ్చిందండీ. డీఎల్ఎల్.కాన్ఫ్‌లో లైనే లేదు. ఒక్క డౌట్: ఆర్పీఎం రిలీజ్ 1 అయితే డెబ్ 2 అని వచ్చింది, ఎందుకు?

లిబ్64:
ఏలియన్ మామూలుగానే రిలీజ్ నంబర్‌కి ఒకటి కలుపుతుంది. వద్దనుకుంటే 'కీప్-వెర్షన్' ఇవ్వండి. డ్రైవర్‌కి ఓకే గానీ, జీలిబ్‌సీ, ఇనిట్ లాంటి మూల ప్యాకేజీల మీద మాత్రం ఏలియన్ వాడకండి. సిస్టమ్ లేవదు.